ముక్కలైన బీడు: పావగడ సీమలో అడవి జీవాల మనుగడ

పావగడ తాలూకా కర్ణాటకలోని తుమకూరు జిల్లాదే అయినా దానికి మూడు పక్కలా ఉన్నది ఆంధ్ర నేల. తూర్పున రొద్దం, పెనుకొండ, దక్షిణాన మడకశిర, ఉత్తరాన కంబదూరు, కళ్యాణదుర్గం. పడమట మాత్రం చిత్రదుర్గం జిల్లా చళ్ళకెర. ఇళ్ళలో తెలుగు, బడిలో కన్నడం. ఎర్రనేలలు, గుండ్రాళ్ళ గుట్టలు, ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండి ఉండే వంకలు, చెనిక్కాయ చేలు. ఇక్కడ పులుల అభయారణ్యం లేదు, ఏనుగుల దారి లేదు. అందుకే వన్యప్రాణుల ఆవాసం గురించి మాట్లాడేవాళ్ళు నాగరహొళె దాకానో నల్లమల దాకానో పోతారు గానీ ఈ తాలూకా దగ్గర ఆగరు.

ఆగవలసింది ఇక్కడే. దక్కను పీఠభూమి మీద తోడేలు, గుంటనక్క, కృష్ణజింక, దుమ్ములగొండి, ఎలుగుబంటి బతికేది ఎక్కువగా అభయారణ్యాల బయటే. రెండు గుట్టల నడుమ బీడు, వంక ఒడ్డున పొదలు, పంట కోసుకున్నాక ఖాళీగా ఉండే చేను, ఊరుమ్మడి మేత నేల, చెరువు వెనక తడి భూమి, ఇవే వాటి ఇల్లు. ఆ ఇంటికి పట్టా లేదు, సరిహద్దు రాయి లేదు. గత పదిహేనేళ్ళలో ఈ సీమలో అతి వేగంగా రూపు మారుతున్నది కూడా ఆ నేలే.

2015 మార్చిలో కర్ణాటక సోలార్ పవర్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ ఏర్పడింది. తిరుమణి, బళసముద్ర, వళ్ళూరు, క్యాతగానచెర్లు, రాయచెర్లు, ఈ ఐదు ఊళ్ళ పరిధిలో దాదాపు 13,000 ఎకరాలను రైతుల దగ్గర 28 ఏళ్ళ కౌలుకు తీసుకున్నారు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్ళకొకసారి 5 శాతం పెంపు. 2018 మార్చి 1న మొదటి దశ ప్రారంభమైంది. 2019 చివరికి 2,050 మెగావాట్ల సామర్థ్యంతో పార్కు పూర్తయింది. 52 చదరపు కిలోమీటర్ల పైచిలుకు నేల మీద వరసలు వరసలుగా సౌర ఫలకాలు, వాటి చుట్టూ కంచెలు, కంచెల మధ్య రోడ్లు, సబ్‌స్టేషన్లు, కరెంటు తీగలు.

రైతును తప్పు పట్టడానికి ఇందులో ఏమీ లేదు. వాన మొహం చాటేసిన ఏడు చెనిక్కాయ చేనులో విత్తనాల ఖర్చు కూడా తిరిగి రాదు. బోర్లు వందల అడుగుల లోతుకు పోయినా పైకొచ్చేది ఫ్లోరైడు నీళ్ళే. అటువంటి చోట భూమి తన పేరునే ఉంటూ ఏటా కౌలు డబ్బు చేతికొస్తే ఎవరు కాదంటారు? భూమిని లాక్కోకుండా కౌలుకు తీసుకున్న ఈ పద్ధతికి దేశమంతా పేరు రావడం సబబే. నష్టపోయింది ఆ ఒప్పందంలో పేరు లేనివాళ్ళు. భూమిలేని కూలీలకు పొలం పని పోయింది. మేత నేల కంచె లోపలికి పోవడంతో గొర్రెలవాళ్ళు చాలామంది మందలు అమ్ముకున్నారు. వీళ్ళ గురించి పత్రికలు రాశాయి, పరిశోధకులు రాశారు. అదే చేలలో పొద్దుగూకాక తిరిగే జీవాల గురించి రాసింది బహు తక్కువ.

దానికి ఒక చట్టపరమైన కారణం ఉంది. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ కింద సౌర విద్యుత్ ప్రాజెక్టులకు ముందస్తు పర్యావరణ అనుమతి అక్కర్లేదు. చిన్న గనికి అడిగే నివేదికను 13,000 ఎకరాల పార్కుకు అడగరు. సూర్యకాంతి నుంచి వచ్చే కరెంటు మంచిదే, బొగ్గు మానుకోవాలంటే అది కావలసిందే. అయినా ముందు ఆ నేల మీద ఏమేం బతుకుతున్నాయో లెక్క రాసుకోకపోతే, తర్వాత ఏం పోయిందో చెప్పడానికి ఆధారమే ఉండదు.

తగ్గడం వేరు, తెగిపోవడం వేరు

నూరు ఎకరాల బీడులో యాభై ఎకరాలు దున్నేశారనుకుందాం. మిగిలిన యాభై ఒకే చెక్కగా ఉండవచ్చు, పది తునకలుగా చెల్లాచెదురై ఉండవచ్చు. మొదటిది ఆవాసం తగ్గడం. రెండోదానిలో తగ్గడంతో పాటు తెగిపోవడం కూడా ఉంది. ఈ రెండో దెబ్బకు విడిగా ఎంత బలముందన్నది యాభై ఏళ్ళుగా తేలని వాదం.

ఈ ఆలోచనకు మూలం 1967లో రాబర్ట్ మెకార్థర్, ఎడ్వర్డ్ విల్సన్ రాసిన ద్వీపాల సిద్ధాంతం. దీవి ఎంత చిన్నదైతే, తీరానికి ఎంత దూరమైతే, అందులో నిలిచే జాతులు అంత తక్కువ. నరికిన అడవిలో మిగిలిన తునకలు కూడా దీవుల్లాంటివేనన్న ఊహతో థామస్ లవ్‌జాయ్ 1979లో బ్రెజిల్‌లోని మనౌస్ దగ్గర ఒక హెక్టారు, పది హెక్టార్లు, నూరు హెక్టార్ల తునకలను ఎంచుకుని పరిశీలన మొదలుపెట్టారు. అది నేటికీ సాగుతోంది. ఇటువంటి ప్రయోగాలు అయిదు ఖండాల్లో జరిగినవాటిని కలిపి చూసిన 2015 నాటి సమీక్ష, ముక్కలవడం వల్ల జీవవైవిధ్యం 13 నుంచి 75 శాతం దాకా పడిపోతుందని తేల్చింది.

కెనడా శాస్త్రవేత్త లెనోర్ ఫారిగ్ దీన్ని ఒప్పుకోలేదు. విస్తీర్ణం తగ్గిన ప్రభావాన్ని పక్కకు తీసేసి, ముక్కలవడం ఒక్కదాన్నే చూస్తే ఏమవుతుందని ఆమె అడిగారు. 2017లో 118 అధ్యయనాలు పరిశీలించి, స్పష్టమైన ప్రభావం కనిపించిన సందర్భాల్లో 76 శాతం అనుకూలమైనవేనని చూపారు. మొత్తం విస్తీర్ణం అంతే ఉంటే, చిన్న చిన్న ముక్కలుగా ఉన్నంత మాత్రాన కీడు జరిగి తీరుతుందని లేదన్నది ఆమె మాట. 2025లో ‘నేచర్’ పత్రికలో 37 ప్రాంతాల లెక్కలతో వచ్చిన మరో అధ్యయనం దీనికి ఎదురు నిలిచింది. ముక్కలైన చోట ఒక్కో తునకలో సగటున 13.6 శాతం జాతులు తక్కువ, మొత్తం ప్రాంతాన్ని కలిపి చూసినా 12.1 శాతం తక్కువ అని అది చెప్పింది.

ఈ వాదంలో పావగడకు పనికొచ్చేది ఇద్దరి దగ్గరా ఉంది. ఫారిగ్ మాటను తీసుకుంటే, చిన్న తునక అని ఏ బీడునూ తీసిపారేయకూడదు. ఊరి చివర పదెకరాల గుంటనక్కల నేలకు కూడా విలువ ఉంది. అవతలి పక్షాన్ని తీసుకుంటే, ఆ పదెకరాలకు పక్క పదెకరాలతో రాకపోకలు ఉండాలి. అయితే ఈ అధ్యయనాల్లో చాలావాటికి కొలబద్ద ఒక చోట ఎన్ని జాతులున్నాయన్నది. ఒక జాతికి చెందిన మంద తరతరాలు నిలుస్తుందా లేదా అన్నది వేరే ప్రశ్న. మన సీమ జీవాల విషయంలో నన్ను కలవరపెట్టేది అదే.

మైదానహళ్ళి జింకలు

పావగడకు దక్షిణాన, మడకశిర దాటాక వచ్చేది మధుగిరి తాలూకా. అక్కడ మైదానహళ్ళి దగ్గర 798 ఎకరాల గడ్డినేలను 2007లో జయమంగళి కృష్ణజింకల సంరక్షణ క్షేత్రంగా ప్రకటించారు. రాణిబెన్నూరు తర్వాత కర్ణాటకలో కృష్ణజింకలు ఎక్కువగా కనిపించే చోటు ఇదే. హిందూపురం దగ్గరే కావడంతో ఆంధ్ర నుంచి కూడా చూడటానికి వస్తుంటారు. గడ్డి మీద పదుల కొద్దీ జింకలు చెంగుమంటూ ఎగురుతుంటే చూసినవాళ్ళకు ఇక్కడ అంతా బాగుందనే అనిపిస్తుంది.

కాస్త దగ్గరగా చూడాలి. ముదురు మగజింక, నల్లటి వీపు, మెలి తిరిగిన కొమ్ములు, ఒక చిన్న జాగాను తనదిగా పట్టుకుంటుంది. రోజూ అదే చోట పెంట వేసి కుప్ప చేస్తుంది. కంటి కింద ఉన్న గ్రంథిని గడ్డి దంటులకు, పుల్లలకు రుద్ది వాసన అంటిస్తుంది. వేరే మగది అటు వస్తే తల ఎత్తి, తోక మడిచి ఎదురు నడుస్తుంది. ఆడజింకలు వచ్చేది అటువంటి జాగా నిలబెట్టుకున్న కొద్దిపాటి మగవాటి దగ్గరికే. మిగతా మగ జింకలు విడిగా మందలు కట్టి తిరుగుతాయి, చాలావాటికి ఆ ఏడు సంతానమే ఉండదు.

అందువల్ల తలకాయలు లెక్కపెట్టి మంద బలం చెప్పలేం. జనాభా జన్యుశాస్త్రంలో దీనికి ఒక లెక్క ఉంది. 60 ఆడవి, 40 మగవి ఉన్న మందలో సంతానం కనేది 5 మగవి మాత్రమే అయితే, జన్యువుల వైవిధ్యం నిలబెట్టే విషయంలో ఆ నూరు తలలు సుమారు 18 జింకలతో సమానం. తక్షణ అంతఃప్రజననం ముప్పు తప్పాలంటే ఈ లెక్కలో కనీసం 50, దీర్ఘకాలం నిలవాలంటే 500 ఉండాలని 1980లో ఇయాన్ ఫ్రాంక్లిన్ ఒక స్థూలమైన గీత గీశారు. ఆ గీత చాలదని, ఇంకా పైకి జరపాలని తర్వాత చాలామంది వాదించారు. ఎలా చూసినా 798 ఎకరాల గడ్డి తనంతట తాను ఆ సంఖ్యను మోయలేదు. మైదానహళ్ళి జింకలకు బయటి చేలు, ఆంధ్రవైపు బీళ్ళు, ఇంకా దూరాన ఉరవకొండ, గుంతకల్లు నల్లరేగళ్ళలో తిరిగే మందలు అన్నీ కావాలి. వాటి మధ్య ఒక తరంలో ఒకటి రెండు జింకల రాకపోకలున్నా చాలు, రక్తం కొత్తబడుతుంది. దారి మూసుకుపోతే పోయేది ఈ రాకపోకలే, అదీ ఎవరి కంటా పడకుండా.

ఇలా మూసుకుపోతే ఏమవుతుందో అమెరికాలోని ఇల్లినాయి గడ్డిమైదానాల్లో చూశారు. అక్కడి ప్రెయిరీ కోళ్ళు 1962లో దాదాపు రెండు వేలు ఉండేవి, 1994 నాటికి యాభైకి లోపు మిగిలాయి. మిగిలిన గడ్డిని కాపాడారు, బాగు చేశారు. అయినా గుడ్లు పొదిగినా పిల్ల కావడం తగ్గుతూ వచ్చింది. చివరికి 1992 నుంచి వేరే రాష్ట్రాల నుంచి కోళ్ళను తెచ్చి కలిపాక గానీ గుడ్లు మళ్ళీ సరిగ్గా పొదగలేదు. నేల బాగైనా లోపల రక్తం బలహీనపడితే ఆ నేల నిష్ఫలం.

జింకపిల్లల సంగతి కూడా చెప్పాలి. పుట్టిన మొదటి కొద్ది రోజులు తల్లి పిల్లను గడ్డిలో దాచి మేతకు పోతుంది. పిల్ల కదలదు, వాసన రాదు, మామూలు మనిషి రెండడుగుల దూరం నుంచి కూడా కనిపెట్టలేడు. గడ్డి ఎత్తు తక్కువైన చోట, ఊరికి దగ్గరైన తునకల్లో, ఆ పిల్లలను తినేది తోడేలు కంటే ఎక్కువగా ఊరకుక్కలు. ముక్క చిన్నదయ్యే కొద్దీ దానికి అంచు పెరుగుతుంది. అంచు పెరిగే కొద్దీ కుక్కలు, రోడ్డు, సర్కారు తుమ్మ లోపలికి చొరబడతాయి. ఇక్కడివాళ్ళు బళ్ళారి జాలి అని పిలిచే ఆ తుమ్మ కాయలను జింకలే తిని, గింజలను పెంటతో దూరదూరాలకు మోసుకుపోతాయి. ఆ పొద దట్టంగా అల్లుకున్న బీడులో జింకకు దూరం కనబడదు, పరుగు తీయడానికి దారి ఉండదు.

గుట్ట నుంచి గుట్టకు

ఎలుగుబంటిది వేరే కథ. పావగడ కోటగుట్ట, నిడగల్లు కొండ, చుట్టూ పేరున్నవీ పేరులేనివీ ఎన్నో గుండ్రాళ్ళ గుట్టలు. బండల సందుల్లో పగలంతా పడుకుని, చీకటి పడ్డాక దిగుతుంది. చెదపుట్టలు తవ్వుతుంది, సీతాఫలాలు, రేగుపండ్లు తింటుంది, కాలాన్ని బట్టి చెనిక్కాయ చేనులోనూ తవ్వుతుంది. తల్లి పిల్లలను వీపు మీద ఎక్కించుకుని తిరుగుతుంది. తెల్లారేలోపు గుట్ట చేరాలి.

ఒక్కో గుట్టలో ఉండేవి కొన్నే. ఒక గుట్టలో జబ్బు చేసో, వేటగాడి ఉచ్చు తగిలో, కరువుకో అవి చచ్చిపోతే, పక్క గుట్ట నుంచి వయసొచ్చిన పిల్లలు వచ్చి ఆ చోటు నింపాలి. 1969లో రిచర్డ్ లెవిన్స్ చెప్పిన సూత్రం ఇదే. చిన్న చిన్న గుంపులు ఇక్కడ ఆరిపోతూ, అక్కడ మళ్ళీ వెలుగుతూ ఉంటేనే మొత్తం జాతి నిలుస్తుంది. వెలగడం ఆరిపోవడం కంటే వెనకబడితే అంతా చీకటే. కాబట్టి ఎలుగుబంటి మనుగడకు గుట్ట ఎంత ముఖ్యమో, గుట్టకూ గుట్టకూ నడుమ రాత్రిపూట దాటే చేను అంత ముఖ్యం. రాళ్ళ కోసం గుట్టను తొలిస్తే గుహ పోతుంది. నడుమ కంచె వేస్తే దారి పోతుంది. దారి పోయిన తల్లి చుట్టూ తిరిగి ఊరి పక్క నుంచి వస్తుంది, తెల్లవారుజామున బయటికి వెళ్ళిన మనిషికి ఎదురుపడుతుంది. అప్పుడు మనిషికి గాయం, ఎలుగుకు చావు. పత్రికలో వచ్చే వార్త ఆ ఎదురుపాటు గురించే, కంచె గురించి కాదు.

తోడేలుకు కావలసిన నేల ఇంకా పెద్దది. దక్కనులో ఒక గుంపు తిరిగే విస్తీర్ణం వంద నుంచి మూడు వందల చదరపు కిలోమీటర్ల దాకా ఉంటుంది. అటువంటి గుంపు దారిలో 52 చదరపు కిలోమీటర్లు ఒక్కసారి కంచెలోకి పోతే ఆ గుంపు కొద్దిగా పక్కకు జరిగి సరిపెట్టుకోలేదు. పక్కన ఇంకో గుంపు ఉంటుంది, లేదా తోట ఉంటుంది, లేదా ఊరు ఉంటుంది. చలికాలంలో పిల్లలు పెట్టేందుకు వంక గట్ల బొరియలు కావాలి. తినడానికి, ఒప్పుకోక తప్పదు, మన గొర్రెలే కావాలి. అడవి వేట తగ్గిపోయిన ఈ నేల మీద తోడేలు వందల ఏళ్ళుగా గొర్రెలమంద వెంటే బతికింది. కురుబలు, గొల్లలు తిట్టుకుంటూనే భరించారు. ఏడాదికి కొన్ని గొర్రెలు తోడేలువే అనుకునే కాపరులు ఇప్పటికీ ఉన్నారు. మందలు అమ్ముడుపోయి కాపరి బెంగళూరు కూలికి పోతే, తోడేలు శత్రువునే కాదు, తన బతుకుతెరువును కూడా పోగొట్టుకున్నట్టు.

దేశమంతటా కలిపి తోడేళ్ళు మూడు వేలకు అటూ ఇటూ ఉంటాయని అంచనా. పులుల కంటే తక్కువ. కర్ణాటక ప్రభుత్వం ఇటీవల కొప్పళ జిల్లా బంకాపురలో తోడేళ్ళ అభయారణ్యం ప్రకటించింది. మెచ్చుకోవలసిన పని. కానీ దాని విస్తీర్ణం 332 హెక్టార్లు, అంటే మూడు చదరపు కిలోమీటర్లకు కొంచెం ఎక్కువ. పిల్లలు పెట్టుకునే చోటును అది కాపాడుతుంది, గుంపు బతుకును మాత్రం చుట్టూ ఉన్న బీళ్ళు, కాపరులే కాపాడాలి. ఒంటరిపడ్డ తోడేళ్ళ గతి ఏమిటో అమెరికాలోని ఐల్ రాయల్ దీవి చెబుతుంది. 1980లో అక్కడ యాభై ఉండేవి. చలికాలపు మంచు వంతెన కట్టడం అరుదైపోయి బయటి నుంచి కొత్తవి రావడం ఆగింది. దగ్గరి రక్త సంబంధీకుల మధ్యే సంతానం కలిగి వెన్నెముక లోపాలు వచ్చాయి. 2016 నాటికి మిగిలినవి రెండు. 2018లో బయటి నుంచి తెచ్చి వదలడం మొదలుపెట్టాక గానీ గుంపు మళ్ళీ కట్టలేదు. మన దగ్గర ఒంటరిపడ్డ తోడేలు తోడు కోసం కుక్కను వెతుక్కుంటుంది. మహారాష్ట్రలో తోడేలు, కుక్క కలిసిన సంతానం జన్యు పరీక్షల్లో తేలింది కూడా.

కావళ్ళు, కాలువలు, రైలు

సౌర పార్కు ఒక్కటే దోషి అనడం న్యాయం కాదు. పావగడకు పడమట చళ్ళకెర తాలూకాలో మైసూరు రాజుల నాటి అమృతమహల్ కావళ్ళు ఉన్నాయి. రాజుగారి పశువుల మేతకు వదిలిన ఆ గడ్డిమైదానాలు ఒకప్పుడు మైసూరు సంస్థానమంతటా లక్షల ఎకరాలు. ఇప్పుడు మిగిలినవి తునకలు. 2008 తర్వాత ఖుదాపుర, ఉళ్ళార్తి చుట్టుపక్కల దాదాపు పదివేల ఎకరాలను రక్షణ, అంతరిక్ష, అణు పరిశోధన సంస్థలకు, భారతీయ విజ్ఞాన సంస్థకు ఇచ్చారు. ఊళ్ళవాళ్ళు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా పోయారు.

ఇక గీతల్లాంటి నిర్మాణాలు. తుమకూరు నుంచి మధుగిరి, మడకశిర, పావగడ, కళ్యాణదుర్గం మీదుగా రాయదుర్గానికి దాదాపు 207 కిలోమీటర్ల రైలు మార్గం కడుతున్నారు. అనంతపురం వైపు హంద్రీ-నీవా కాలువలు వచ్చాయి. ఈ ప్రజలు వీటి కోసం తరాలుగా ఎదురుచూశారు, ఎవరూ వద్దనరు. అయితే సిమెంటు పూసిన నిటారు కాలువలో పడ్డ జింక పైకి రాలేదు. దానికి అక్కడక్కడ వాలు మెట్లు, దాటు వంతెనలు పెడితే సరిపోతుంది. కాలువ తవ్వే ముందు చూసుకోకపోతే ఏమవుతుందో కడప జిల్లాలో చూశాం. 1848లో థామస్ జెర్డన్ గుర్తించిన కలివికోడి 1900 తర్వాత కనిపించక అంతరించిందనుకున్నారు. 1986 జనవరిలో స్థానిక వేటగాడు అయితన్న సాయంతో, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ దాన్ని లంకమల దగ్గర మళ్ళీ కనుగొన్నారు. దాని కోసమే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తీరా 2005లో తెలుగుగంగ కాలువ ఆ పొదల నేల మీదుగానే తవ్వడం మొదలైంది. గొడవ చేసిన మీదట దారి మార్చారు గానీ, ఒకే చిన్న చోట మిగిలిన పక్షికి ఒక్క కాలువ చాలు.

కేవలం ఒక ముక్కను కాపాడితే చాలదని చెప్పేందుకు కర్నూలు సీమలోని రోళ్ళపాడును మించిన ఉదాహరణ తెలుగు నేల మీద లేదు. బట్టమేక పిట్ట కోసం 1988లో అక్కడ 6.14 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం పెట్టారు. బట్టమేక ఒక విడతకు సాధారణంగా ఒకే గుడ్డు పెట్టే పెద్ద పక్షి. గుడ్డు పెట్టేందుకు గడ్డి కావాలి, తిరిగేందుకు చుట్టూ మెట్ట చేలు కావాలి. లోపల పశువులను ఆపేసరికి గడ్డి ఏపుగా పెరిగింది. కృష్ణజింకలు పెరిగి పక్క చేలను మేశాయి, రైతులకు అభయారణ్యమంటేనే మంట పుట్టింది. నీళ్ళు వచ్చిన చోటల్లా పైరు మారింది, తీగలు పెరిగాయి. లోపలి ముక్క భద్రంగానే ఉంది, దాన్ని బతికించిన చుట్టుపక్కల నేల మారిపోయింది. నేడు రోళ్ళపాడులో బట్టమేకకు స్థిరమైన కాపురం లేదు. జింకలు బాగా ఉన్నాయి. అదే నేల ఒక జీవికి చాలింది, మరో జీవికి చాలలేదు.

ఈ నేలల మీద ప్రభుత్వ చూపు ఎలా ఉందో చెప్పే లెక్క ఒకటి ఉంది. దేశంలోని మెట్ట ప్రాంతపు గడ్డినేలలు, పొదనేలలు, గుండ్రాళ్ళ మైదానాలను ఎం.డి. మధుసూదన్, అబి వనక్ ఉపగ్రహ చిత్రాలతో పటం గీశారు. మొత్తం మూడు లక్షల చదరపు కిలోమీటర్లు, దేశ భూభాగంలో దాదాపు పదో వంతు. అందులో రక్షిత ప్రాంతాల్లో ఉన్నది 5 శాతం కూడా లేదు. 70 శాతం దాకా ప్రభుత్వ బంజరు భూముల పటంలో చేరి ఉంది. బంజరు జాబితాలోని నేలను ఏ ఫ్యాక్టరీకో, నీలగిరి తోటకో, సౌర పార్కుకో ఇవ్వడం సులువు. రాణిబెన్నూరులో జింకల గడ్డినేల మీదే అటవీ శాఖ నీలగిరి నాటింది. చెట్టు నాటడమే అడవిని పెంచడమనుకున్న కాలం అది. ఆ కాలం ఇంకా పూర్తిగా పోలేదు.

బీడు తిరిగి బతికిన చోటు

పావగడ సరిహద్దు దాటితే రొద్దం, రామగిరి, చెన్నేకొత్తపల్లి మండలాల నడుమ కల్పవల్లి అనే కొండల నేల ఉంది. 1990ల మొదట్లో ముష్టికోవెల, చుట్టుపక్కల ఊళ్ళు టింబక్టు కలెక్టివ్ అనే సంస్థతో కలిసి ఆ కొండల మీద మంట పడకుండా, నరకకుండా కాపలా కాశాయి. నాటింది తక్కువ, కాపాడింది ఎక్కువ. కొన్నేళ్ళకు బోదగడ్డి ఒత్తుగా లేచింది, వంకల వెంట ఈత చెట్లు వచ్చాయి, ఎండిన ఊటలు పారాయి. మేత వచ్చింది, చీపురు గడ్డి అమ్ముకుని ఊళ్ళు సంపాదించాయి, నక్కలూ ఎలుగులూ తిరిగాయి. వేల ఎకరాల నేల ఎవరి దయా లేకుండా లేచి నిలబడింది. తర్వాత అక్కడి నల్లకొండ మీద గాలిమరలు వచ్చాయి. మరలు నిలబెట్టే జాగా కొద్దిదే, కానీ ఒక్కో మరను చేరేందుకు కొండను చీల్చి వెడల్పాటి రోడ్లు వేశారు. మట్టి వంకల్లోకి జారింది, ఊటలకు దెబ్బ తగిలింది. ఊళ్ళవాళ్ళు 2013లో హరిత ట్రిబ్యునల్‌కు పోయారు. ప్రభుత్వ రికార్డుల్లో ఆ నేల బంజరే కాబట్టి అనుమతి సులువుగా దొరికింది.

కల్పవల్లిని చూశాక పావగడలో చేయదగినది కనబడుతుంది. పార్కును ఇంకా వేల ఎకరాలు విస్తరించే ఆలోచన కర్ణాటక ప్రభుత్వానికి ఉంది. ఇప్పటికే నిలబెట్టిన ఫలకాలను ఎవరూ పీకరు, పీకమని నేనూ అనను. కొత్త కంచెలు వేసేటప్పుడు మాత్రం కొన్ని పనులు చేయవచ్చు. వంకలను కౌలు చెక్కల్లో కలపకుండా, ఇరుపక్కలా పొదలతో సహా వదిలేయాలి. రాత్రిపూట జీవాల రహదారి వంకే. ఒక్కో బ్లాకు చుట్టూ విడిగా కంచె ఉన్నచోట, బ్లాకుకూ బ్లాకుకూ మధ్య రోడ్డు మాత్రమే కాకుండా గడ్డి పట్టీ కూడా ఉండాలి. కంచె అడుగున గుంటనక్క, కుందేలు దూరేంత సందు వదలాలి. అమెరికాలోని వయోమింగ్‌లో ఒక సౌర కేంద్రం చుట్టూ పూర్తి కంచె వేశాక, మెడపట్టీలు కట్టిన ప్రాంగ్‌హార్న్ జింకలు తాము ఎక్కువగా వాడే నేలలో దాదాపు పదో వంతును కోల్పోయాయని 2022లో ఒక అధ్యయనం చూపింది. అక్కడ కంచె వేయకముందే జింకలకు పట్టీలు కట్టి ఉన్నాయి కాబట్టి ఆ లెక్క తేలింది. మన దగ్గర అటువంటి ముందు లెక్క లేదు.

కాపరుల విషయం కూడా ఈ సంరక్షణలో భాగమే. ఫలకాల కింద గొర్రెలను మేపనివ్వడం ఇతర దేశాల్లో మామూలు సంగతి. మందలు నిలిస్తే ఊరి బీడు బీడుగా ఉంటుంది, తోడేలుకు తిండి ఉంటుంది. తోడేలు తిన్న గొర్రెకు పరిహారం నెలల తరబడి తిప్పించకుండా ఇస్తే కాపరి విషం పెట్టడు. చెనిక్కాయ చేను మేసిన జింకకు కూడా ఇదే వర్తిస్తుంది. జీవాల భారమంతా అప్పుల్లో ఉన్న రైతు మీద పెట్టి సంరక్షణ గురించి మాట్లాడటం తప్పు.

ఇప్పటికీ గుట్టల్లో ఎలుగులున్నాయి, మైదానహళ్ళిలో జింకలున్నాయి కదా అని ఎవరైనా అడగవచ్చు. ఆవాసం తెగిన మర్నాడే జీవాలు పోవు. ఎలుగులాంటి దీర్ఘాయువు జంతువులు, దారి మూసుకుపోయాక కూడా ఒకటి రెండు తరాలు కనిపిస్తూనే ఉంటాయి. 1994లో డేవిడ్ టిల్మన్, ఆయన సహచరులు దీన్నే అంతరించడానికి ముందు పేరుకునే అప్పు అన్నారు. పార్కు పూర్తయి కొద్ది ఏళ్ళే అయింది. ఈ అప్పు తీర్చే గడువు మన చేతిలో ఇంకా ఉంది. తిరుమణి, రాయచెర్లు, వళ్ళూరు చుట్టుపక్కల భూమి కౌలుకిచ్చేందుకు సిద్ధమవుతున్న రైతులను కోరేది ఒకటే. మీ ఒప్పందంలో మీ ఊరి వంకకు, గుట్టకు, మందబాటకు కంచె పడదని రాయించుకోండి. సంతకం పెట్టేది మీరే కాబట్టి ఆ షరతు పెట్టగలిగిందీ మీరే. సర్వే నంబర్లతో పాటు అక్కడ తిరిగే జీవాల జాబితా కూడా ముందే తయారు చేయాలని తుమకూరు జిల్లా యంత్రాంగాన్ని, రెండు రాష్ట్రాల అటవీ శాఖలను అడగండి.